తోక వంకరైన పుంజు

కోడిపందేలంటే నాకు పడదు. ఈ విషయం మా ఇంట్లో అందరికీ తెలుసు. సంక్రాంతికి ఊరెళ్లినా బరుల వైపు కన్నెత్తి చూడను. అలాంటి నేను నిరుడు అక్టోబరులో ఒక శనివారం పొద్దున్న 11 పుంజుల్ని నా చేత్తో కోశాను. అన్నీ నేను పొదిగించినవే, నేను మేపి పెంచినవే. ఒక్కదానికీ జబ్బు లేదు.

ఎందుకు కోయాల్సొచ్చిందో చెప్పాలంటే మా తాతయ్య దగ్గర మొదలుపెట్టాలి.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. తాతయ్య పందెం పుంజులు పెంచేవాడు. సంక్రాంతి ఇంకో నాలుగు నెలలుందనగా మా దొడ్లో హడావుడి మొదలయ్యేది. చోళ్లు, గంట్లు, బాదంపప్పు, ఉడకబెట్టిన గుడ్లు, మేకమాంసం కైమా... మాకు లేని వైభోగం వాటికుండేది. పొద్దున్నే చెరువులో ఈత, సాయంత్రం వేన్నీళ్ల కాపడం. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల అంటూ రంగుల పేర్లు నాకు అఆల కన్నా ముందే వచ్చేశాయి. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం పుస్తకం తాతయ్య తలగడ కింద ఉండేది.

నాకు పదకొండేళ్లప్పుడు ఒక డేగ పుంజుని పూర్తిగా నాకప్పగించాడు. మేత నాదే, ఈత నాదే. స్కూలు నుంచి రాగానే పుస్తకాల సంచీ అరుగు మీద పడేసి దాని దగ్గరికే పరిగెత్తేవాణ్ణి. నా చెప్పుల చప్పుడు వింటే చాలు, కూత పెట్టేది. ఆ సంక్రాంతికి దాని కాలికి కత్తి కట్టి బరిలోకి వదిలారు. నేను ముందు వరసలో నిలబడి ఉన్నాను. నిమిషం కూడా పట్టలేదు. ఓడిన కోడిని మా వైపు కోజ అంటారు. అది గెలిచినవాడి సొంతం. నా డేగని ఎవరో కాళ్లు పట్టుకుని తలకిందులుగా మోసుకుపోయారు. అదే రోజు తాతయ్య ఇంకో పందెంలో గెలిచాడు. రాత్రి ఇంట్లో ఆ కోజ కూరే. నేను ముట్టుకోలేదు. తర్వాత మళ్లీ దొడ్లోకి వెళ్లలేదు.

ఇంజినీరింగ్ అయింది, ఒహాయోలో ఎమ్మెస్ అయింది, అక్కడే ఉద్యోగం వచ్చింది. కోళ్లకీ నాకూ రుణం తీరిపోయిందనుకున్నాను.

నాలుగేళ్ల కిందట నవంబరులో ఆఫీసులో ఒకతను కొలంబస్‌లో ఒహాయో నేషనల్ పౌల్ట్రీ షోకి వెళ్దామన్నాడు. వాళ్లమ్మాయి బుల్లి కోళ్లు పెంచుతుంది, పోటీకి తీసుకొచ్చింది. సరే, వారాంతం గదిలో కూచుని ఏం చేస్తాం అని వెళ్లాను. పెద్ద హాలు నిండా వరసలు వరసలుగా బోనులు, వేలకొద్దీ కోళ్లు. ఒంటినిండా జూలులా ఈకలున్నవి, కాళ్లకి కూడా ఈకలున్నవి, తల మీద బొచ్చు బంతిలా ఉన్నవి. ఫొటోలు తీసుకుంటూ పోతున్నవాణ్ణి ఒక బోను ముందు ఆగిపోయాను.

నిటారుగా నిలబడి ఉంది. వెడల్పాటి ఛాతీ, వంగిన లావు ముక్కు, తెల్లటి కన్ను. అచ్చం మా దొడ్లోంచి లేచొచ్చినట్టుంది. బోను మీది కార్డు చూస్తే 'అసీల్' అని రాసి ఉంది. నా చూపు ముందు ఎటు పోయిందో తెలుసా? దాని కాళ్ల వైపు. కత్తి ఉందేమోనని.

తెల్లకోటు వేసుకున్న జడ్జి వచ్చాడు. పుంజుని బయటికి తీసి రెక్క విప్పి చూశాడు. ఛాతీ ఎముక వేలితో తడిమాడు. కాలివేళ్లు చూశాడు. వెనక్కి తిప్పి తోక చూశాడు. మళ్లీ బోనులో పెట్టేసి కార్డు మీద ఏదో రాసుకుని పక్క బోనుకి వెళ్లిపోయాడు. పుంజు రెక్కలు దులుపుకుని కూసింది. పందెం అయిపోయింది. ఎవరూ చావలేదు.

ఆ పుంజు యజమాని డెబ్భై దాటిన పెద్దాయన. నేను అక్కణ్ణుంచి కదలకపోవడం చూసి పలకరించాడు. మా ఊళ్లో ఇవి ఇంటింటికీ ఉంటాయన్నాను. ఆయన నవ్వి, “మీ ఊళ్లోనే కాదు, ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి, ఫ్రిజ్‌లో” అన్నాడు. నిజమే. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో మన అసీల్ రక్తం కలిపి తయారుచేసిన జాతి కార్నిష్. ఆ కార్నిష్‌నీ వైట్ ప్లిమత్ రాక్ అనే అమెరికా జాతినీ కలిపితే ఇవాళ్టి బ్రాయిలర్ కోడి పుట్టింది. అంటే మనం ఆర్డర్ పెట్టుకునే చికెన్ బిర్యానీలో కూడా మన పందెం కోడి రక్తం కాస్త ఉన్నట్టే.

ఆయన నాకు ఒక పుస్తకం చూపించాడు. పేరు 'స్టాండర్డ్ ఆఫ్ పర్ఫెక్షన్'. అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ అనే సంఘం 1873లో బఫెలో నగరంలో పుట్టింది. మరుసటి ఏడాదే, 1874లో, ఏ జాతి కోడి ఎలా ఉండాలో చెప్పే పుస్తకం వేసింది. అప్పట్నుంచి కొత్త జాతులు చేరుతూ వస్తున్నాయి. అసీల్ 1981లో చేరింది. ఏడాది దాటిన పుంజు ఐదున్నర పౌన్లు ఉండాలి, అంటే రెండున్నర కిలోలు. పెట్ట నాలుగు పౌన్లు. ముక్కు లావుగా, కిందికి వంగి ఉండాలి. కన్ను ముత్యంలా ఉండాలి. తురాయి చిన్నగా తలకి అంటుకుని ఉండాలి. గడ్డం కింద వేలాడే తొక్కలు ఉండీ లేనట్టుండాలి. ఈకలు పొట్టిగా, గట్టిగా ఉండి ఛాతీ దగ్గర ఎర్రటి చర్మం కనిపించాలి. తోక నేలవైపు వాలాలి.

కొన్ని లోపాలుంటే మాత్రం మిగతాదంతా ఎంత బాగున్నా పోటీకి పనికిరాదు. తోక ఒక పక్కకి తిరిగి ఉండటం వాటిలో ఒకటి.

తాతయ్య దగ్గర ఇలాంటి పుస్తకం లేదు. ఆయనకి పుంజు మంచిదో కాదో చెప్పేది బరి ఒక్కటే. ఇక్కడ చెప్పేది కాగితం. రక్తం లేకుండా తాతయ్య కోళ్లని మళ్లీ పెంచుకోవచ్చు కదా అనిపించింది. ఇంత తేలికైన మార్గం ఉందా అని రాత్రంతా నిద్రపట్టలేదు.

ఆ చలికాలం దాటాక పెద్దాయన తన కొట్టంలో ఒక మూల నాకిచ్చాడు. ఒక పుంజు, రెండు పెట్టలు కూడా ఇచ్చాడు. వారాంతాల్లో ఆయనకి పనిలో సాయం చెయ్యాలి, అదీ ఒప్పందం. మా అపార్ట్‌మెంట్ నుంచి గంట ప్రయాణం. “ముప్ఫై ఏళ్లుగా పెంచుతున్నాను. పుస్తకంలో ఉన్నట్టు ఒక్కటీ పుట్టలేదు. నీకూ పుట్టదు. ఏడాదికి కొంచెం దగ్గరికి జరిగితే చాలు” అని ముందే చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. “కోడిని ముందునుంచి చూస్తే ముచ్చటేస్తుంది. అందుకే ముందు వెనకనుంచి చూడు.”

అమ్మకి ఫోన్ చేసి చెబితే, “లక్షలు పోసి చదివించింది కోళ్లగూడు ఊడవడానికా నాన్నా?” అంది. తాతయ్య మాత్రం ఏమీ అనలేదు. మర్నాడు ఆయనే వాట్సాప్ వీడియో కాల్ చేశాడు. పదేళ్లలో మేమిద్దరం కోళ్ల గురించి మాట్లాడుకున్నది అదే మొదటిసారి. ఫోనులో పుంజుని చూసి, “కాకిడేగ. మన వాటికన్నా చిన్నది. కాలు మాత్రం గట్టిదేరా” అన్నాడు.

పనిలోకి దిగాక నాకు బాగా నచ్చింది పిల్లలకి గుర్తులు పెట్టడం. పుట్టిన రోజే కాలివేళ్ల మధ్య పల్చటి చర్మానికి చిన్న కన్నం పెడతారు. రెండు కాళ్లకీ కలిపి అలాంటి చోట్లు నాలుగు. ఒక్కో చోట కన్నం ఉండొచ్చు, లేకపోవచ్చు. మొత్తం 16 గుర్తులు. కోడి కాళ్ల మీద నాలుగు బిట్ల నంబరు! ఏ పిల్ల ఏ జత సంతానమో జీవితాంతం దాని కాలు చెబుతుంది. నేను స్ప్రెడ్‌షీట్ మొదలుపెట్టాను. ఏ వారం ఎంత బరువు, కన్ను ఏ రంగు, ముక్కు వంపు ఎంత, అన్నీ ఎక్కించేవాణ్ణి. పెద్దాయన తన దగ్గరున్న నూనె మరకల నోటుబుక్కు చూపించి, నీ కంప్యూటరు దీనికన్నా బాగా చూస్తుందా అని ఏడిపించేవాడు.

అసీల్ పిల్లలు కొన్ని వారాలకే ఒకదానితో ఒకటి కొట్టుకోవడం మొదలెడతాయి. ఎదిగే పుంజుల్ని దేనికది విడిగా పెట్టాలి. కానీ మనుషుల దగ్గర మాత్రం మహా సాధువులు. ఆ మొదటి ఏడాది పుట్టిన వాటిలో ఒకడు మరీ. నా ట్రక్కు చప్పుడు వింటే కూసేవాడు. కూచుంటే మోకాలెక్కేవాడు. పేరు పెట్టకూడదని పెద్దాయన చెప్పినా వినకుండా బుజ్జిగాడని పెట్టాను. తల, ముక్కు, కన్ను, ఛాతీ, కాళ్లు అన్నీ పుస్తకంలోంచి దిగినట్టుండేవి. ఎనిమిది నెలలు వచ్చేసరికి వాణ్ణి చూడటానికే ఆదివారాలు వచ్చేవాళ్లున్నారు.

వెనకనుంచి చూస్తే తోక ఎడమకి తిరిగి ఉంది.

“వీణ్ణి జతకట్టకు” అన్నాడు పెద్దాయన. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నేనే మనసులో వాదించుకున్నాను. వంద గుణాల్లో ఒక్కటేగా లోపం. మిగతా తొంభైతొమ్మిదీ పారేసుకుంటామా? తర్వాత సరిచేసుకోవచ్చులే. పైగా ఆ మూల నాది, కోళ్లు నావి. రెండో ఏడు బుజ్జిగాణ్ణే జతకట్టాను.

పిల్లలు పుట్టాయి. ఒక్కదానికీ తోక వంకర లేదు. చూశారా అన్నట్టు పెద్దాయనకి ఫొటోలు పంపాను. ఆయన బొటనవేలు గుర్తు ఒకటి పెట్టి ఊరుకున్నాడు. బుజ్జిగాడి తల, కన్ను గట్టిపడాలని మూడో ఏడు ఆ పిల్లల్లో మంచి పెట్టల్ని తిరిగి బుజ్జిగాడికే జతచేశాను. జాతి కోళ్లు పెంచేవాళ్లు ఇలా చెయ్యడం మామూలే. ఈసారి 26 పిల్లలు. ఎదిగేకొద్దీ ఒక్కోటీ బయటపడింది. 12 పిల్లల తోకలు పక్కకి తిరిగాయి.

నేను పదో తరగతి తర్వాత బయాలజీ ముట్టుకోని ఎంపీసీ వాణ్ణి. అప్పుడు కూచుని మళ్లీ చదివాను. బఠాణీ మొక్కల మీద మెండెల్ చెప్పిన లెక్కలు జంతువులకీ పనిచేస్తాయని 1902లో విలియం బేట్సన్ చూపించింది కోళ్ల తురాయిల మీదే. పరీక్షల్లో మనం గీసే గడుల పటానికి పేరిచ్చిన పన్నెట్ కూడా కోళ్ల మీద పనిచేసినవాడే. నా 26 పిల్లల్ని ఆ గడుల్లో పెట్టి చూశాను. సగానికి కాస్త తక్కువ. లోపం ఒక తరం దాక్కుని, రెండువైపుల నుంచీ వచ్చినప్పుడు బయటపడే రకం అయితే వచ్చే లెక్క ఇదే. అంటే తోక తిన్నగా ఉన్న మిగతా 14 కూడా లోపల దాన్ని మోస్తున్నట్టే. నా స్ప్రెడ్‌షీట్‌లో 200 వరసలున్నాయి. తోకకి మాత్రం గడి లేదు. మర్చిపోయి కాదు. పెట్టలేదు.

ఆ 26లో పుంజులు 11. వాటిని జతకట్టడానికి లేదు. ఒకే చోట ఉంచడానికీ లేదు, చంపుకుంటాయి. పదకొండు విడి గదులు నాకు లేవు. పెంపకానికి ఇస్తానని తెలిసినవాళ్లందరినీ అడిగాను. పొద్దున్నే నాలుగింటికి కూసే పుంజుని ఎవరు తీసుకుంటారు? చివరికి అమ్మకానికి పెట్టాను. రెండోరోజే ఒకతను ఫోన్ చేశాడు. పదకొండూ తీసుకుంటాను, ఒక్కోటి వంద డాలర్లు, నగదు ఇస్తానన్నాడు. సంతోషం పట్టలేక, దాచడం ఎందుకని, తోకల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను.

“తోకతో నాకేం పని? ఎంత ఎత్తు ఎగురుతాయో చెప్పు” అన్నాడు.

కాసేపు నోట మాట రాలేదు. అమెరికాలో కోడిపందెం 50 రాష్ట్రాల్లోనూ నేరమే. చివరగా నిషేధించింది లూయిజియానా, 2008లో అమల్లోకి వచ్చింది. మనకి 1960 నాటి చట్టం ఉన్నా సంక్రాంతికి ఏం జరుగుతుందో తెలిసిందే కదా, ఇక్కడా చాటుమాటుగా అంతే. అమ్మను అని ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత వచ్చిన కాల్స్‌లో ఎవరు పెంపకానికి అడుగుతున్నారో, ఎవరు బరికి అడుగుతున్నారో గొంతుని బట్టి చెప్పలేననిపించింది. ప్రకటన తీసేశాను.

ఇంక మిగిలిన దారి ఒక్కటే. పెద్దాయన తను చేసిపెడతానన్నాడు. వద్దన్నాను. గోడకి బిగించిన రేకు గరాటాలో కోడిని తలకిందులుగా దించి, మెడ పట్టుకుని, ఒక్క వేటులో ఎలా ముగించాలో నేర్పాడు. మొదటిదానికి చెయ్యి వణికింది. ఆరోదానికి వణకలేదు. అది ఇంకా భయం వేసింది. ప్రతిదాని కాలివేళ్ల మధ్య కన్నాలు చూసి నంబరు చెబుతుంటే ఆయన నోటుబుక్కులో కొట్టేస్తూ వచ్చాడు.

బుజ్జిగాణ్ణి మాత్రం కోయలేకపోయాను. వాడికి విడిగా గది ఉంది, పెట్టల్లేవు. అసలు లోపం వాడిది, తప్పు నాది, పోయింది ఆ పదకొండు. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకిప్పటికీ తెలీదు.

ఆ రాత్రి నాటుకోడి పులుసు వండాను. మాంసం మెత్తబడటానికి మూడు గంటలు పట్టింది. పదకొండేళ్ల వయసులో వదిలేసిన కూర. తినకుండా పారేస్తే ఇంకా పెద్ద తప్పవుతుందనిపించి తిన్నాను. తర్వాత తాతయ్యకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న, అరుగు మీద కూచుని ఉన్నాడు. అంతా చెప్పాను. ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

“నా పుంజుకి బరిలో గెలిచే వీలన్నా ఉండేదిరా” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. డబ్బులు పందెం కాసి ప్రాణాలు తీయడం, కాగితం చూసి ప్రాణాలు తీయడం ఒకటి కాదని వాదించగలను. కానీ ఆ పదకొండింటికి తేడా ఏం తెలుస్తుంది?

కాల్ కట్ చేస్తాడనుకున్నాను. చాలాసేపు ఊరుకుని తాతయ్య మళ్లీ తనే మాట్లాడాడు.

“నీ డేగ గుర్తుందా? దానికి కుడికన్ను సరిగా ఆనేది కాదు. పందేనికి వారం ముందే కనిపెట్టాను. వెయ్యకూడదు. మా మనవడు మేపిన పుంజు, మా మనవడు మేపిన పుంజు అని ఊరంతా చెప్పేసుకున్నాను. వెనక్కి తగ్గలేకపోయాను.”

పదిహేనేళ్లకి పైగా ఆ మాట ఆయన ఒక్కడే మోశాడు. నేనేమీ అనలేదు. కాసేపటికి, “మందులేసుకున్నావా తాతయ్యా?” అని అడిగాను. వేసుకున్నానన్నాడు.

ఈ ఏడు వసంతంలో మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాను. బుజ్జిగాడి రక్తం లేని పెట్టల్ని, పెద్దాయన దగ్గర ఇంకో పుంజుని జతకట్టాను. 14 పిల్లలు. స్ప్రెడ్‌షీట్‌లో మొదటి గడి ఇప్పుడు తోక. ఏటా ఎన్ని గుడ్లు పెట్టాలో కూడా ముందే లెక్క వేసుకుంటున్నాను. పుట్టే పుంజుల్లో ఎన్నింటికి చోటుందో చూసుకుని అన్నే పొదిగిస్తున్నాను. గెలుపు కొంచెం ఆలస్యమవుతుంది, ఫర్వాలేదు.

మొన్న పక్క కౌంటీలో చిన్న షో జరిగితే ఒక పెట్టని తీసుకెళ్లాను. ముందురోజు పాత టూత్‌బ్రష్‌తో దాని కాళ్లు రుద్ది కడిగాను, తురాయికి కాస్త వాజిలీన్ రాశాను. అసీల్ పెట్టలు మొత్తం మూడొచ్చాయి. నాది రెండోది. కన్ను ఇంకా తెల్లబడాలని జడ్జి కార్డు మీద రాశాడు.

బయటికి రాగానే తాతయ్యకి వీడియో కాల్ చేశాను. రెండో బహుమతి రిబ్బన్ చూపిస్తే అది పక్కన పెట్టమన్నాడు. పెట్ట మొహం దగ్గరగా చూపించబోయాను.

“మొహం తర్వాత చూద్దాంలేరా. ముందు వెనక్కి తిప్పు” అన్నాడు.